ఇంటావిడ పోతే ‘ఆదాయం’ గడిలో ఏం రాయాలి?

ఏలూరు కాలువ

అందరికీ నమస్కారం. మా వదిన పోయినేడు రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. అన్నయ్య బండి నడుపుతున్నాడు, ఆవిడ వెనక కూర్చుంది, లారీ పక్కనుంచి తగిలించింది. వయసు 34. ఇద్దరు పిల్లలు. టైములోనే కోర్టులో ఓపీ (పరిహారం పిటిషన్) వేశాం. ఇప్పుడు దానికి ఇన్సూరెన్స్ కంపెనీ వేసిన కౌంటరు (జవాబు) చేతికొచ్చింది. అందులో ఏముందంటే: మృతురాలు గృహిణి, ఆమెకు ఏ ఆదాయమూ లేదు, కనుక ఆమె మరణం వల్ల పిటిషనర్లకు ఆర్థికంగా జరిగిన నష్టం ఏమీ లేదు.

అన్నయ్య అది చదివి కాగితం మడిచి బీరువాలో పెట్టేశాడు, ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. నాకైతే రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆవిడ నాలుగున్నరకి లేచేది. రాత్రి పది దాటితే గానీ నడుం వాల్చేది కాదు. మా అమ్మ మంచాన పడితే ఒంటికి, రెంటికి కూడా ఆవిడే చూసింది. అలాంటి మనిషి లేకపోతే ‘నష్టం ఏమీ లేదు’.

లీగల్ సలహా కావాలి, అది ఒకటి. దానికంటే ముందు ఒక విషయం మాట్లాడుకోవాలని ఈ టాపిక్ పెడుతున్నా. మనిషి విలువని జీతంతో కొలవడం ఎప్పుడు మొదలైంది? ఆ కొలతలోకి ఆడవాళ్లు ఎందుకు రారు?

పల్నాటి ప్లీడరు

బాబూ, ముందు మీ కుటుంబానికి నా సానుభూతి. ఆ వాక్యం మీ వదినగారిని ఉద్దేశించి రాసింది కాదు. అలాంటి కౌంటర్లన్నీ ఒకే అచ్చు. కంప్యూటర్లో పేరు మార్చి ప్రింటు తీస్తారు. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

కానీ ఆ అచ్చు ఎక్కడి నుంచి వచ్చిందన్నది తెలుసుకోవాల్సిన సంగతే. మోటారు వాహనాల చట్టానికి 1994లో రెండో షెడ్యూలు (పరిహారం లెక్క కట్టే పట్టిక) చేర్చారు. ఆదాయం లేని వ్యక్తి చనిపోతే ఏడాదికి 15 వేలు ఆదాయం ఉన్నట్టు అనుకోవాలన్నారు. చనిపోయింది సంపాదన లేని భార్యో భర్తో అయితే, సంపాదిస్తున్న రెండో మనిషి ఆదాయంలో మూడో వంతు లెక్క వేయాలన్నారు. కాగితం మీద ‘జీవిత భాగస్వామి’ అనే ఉంది, ఆడ మగ తేడా లేదు. కోర్టుకొచ్చేది ఎవరి కేసులో మీకే తెలుసు.

దాని ఫలితం చూడండి. కలెక్టరు గారి భార్య, కలెక్టరాఫీసు అటెండరు భార్య ఒకే రోజు, ఒకే రోడ్డు మీద పోయారనుకోండి. ఇద్దరూ ఇంట్లో వంటే చేసేవారు. చట్టం లెక్కలో ఒకరి వంట ఇంకొకరి వంటకంటే కొన్ని రెట్లు ఖరీదు. ఆవిడ ఏం చేసిందన్నది ఎవరికీ అక్కర్లేదు, ఎవరి భార్య అన్నదొక్కటే లెక్కకొచ్చేది.

2019 సవరణతో ఆ షెడ్యూలు పోయింది. అలవాటు మాత్రం పోలేదు.

సూటి ప్రశ్న

నేనొకటి అడుగుతా, ఎవరూ తిట్టొద్దు. కంపెనీ రాసింది దుర్మార్గమే, ఒప్పుకుంటా. కానీ మనం చేస్తున్నదేంటి? వదినమ్మ చేసిన చాకిరీకి గంటకింత అని లెక్క తీసి కోర్టులో పెడతామా? వంట మనిషికి ఇంత, అంట్లు తోమేదానికి ఇంత, ఆయాకి ఇంత అని టోటల్ వేస్తామా? అమ్మని అలా ముక్కలు చేసి రేట్లు కట్టడం అవమానంగా అనిపించదా మీకు? ఇంట్లో చేసేది ఉద్యోగం కాదు కదా.

నిడదవోలు నాగమణి

సూటి ప్రశ్న గారూ, తిట్టనులెండి. మీరు ‘వెలకట్టలేనిది’ అంటున్నారు, కంపెనీవాడు ‘వెల లేనిది’ అంటున్నాడు. చెక్కు రాసే రోజున రెండింటికీ వచ్చేది ఒకటే రూపాయలు. మాకు ఈ పూజలు బాగా అలవాటైపోయాయి. అమ్మ దేవత, ఇల్లాలు లక్ష్మి. దేవతకి పెన్షన్ అక్కర్లేదు, ఆదివారం సెలవక్కర్లేదు, నడుం నొప్పంటే ఎక్స్‌రే అక్కర్లేదు.

ఇంకో మాట. పక్కింటి వాళ్ల పిల్లల్ని చూసుకుంటే అది ఉద్యోగం, నెలకింత అని జీతం. మన పిల్లల్ని చూసుకుంటే కాదు. పని ఒకటే, అలసట ఒకటే. నేను రెండూ చేశాను కాబట్టి చెబుతున్నా.

రిటైర్డు మాస్టారు

నాగమణమ్మ ఆఖరున చెప్పినదాన్ని ఆర్థికశాస్త్రంలో చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. పిగూ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త సుమారు వందేళ్ల కిందట ఒక చిక్కు చెప్పాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆవిడని పెళ్లి చేసుకుంటే దేశ ఆదాయం ఆ మేరకు తగ్గిపోతుంది. మర్నాడు పొద్దున ఆవిడ అదే పొయ్యి దగ్గర అదే కాఫీ పెడుతుంది. జీతం ఆగిపోయింది కనుక లెక్కలోంచి మాయమైంది.

ఆయన దాన్నొక వింతగా చెప్పాడు. లెక్కలు కట్టేవాళ్లు దాన్నే సూత్రంగా ఉంచేశారు. జాతీయాదాయానికి ఐక్యరాజ్యసమితి వేసిన పద్ధతి ఒకటుంది. దాని 1993 కూర్పు ప్రకారం సొంతింటి వాడకానికి దూరం నుంచి నీళ్లు మోసుకొస్తే ఉత్పత్తి కిందికి వస్తుంది. పుల్లలు ఏరుకొచ్చినా వస్తుంది. ఆ నీళ్లతో, ఆ పుల్లల మీద అన్నం వండితే మాత్రం రాదు! నేను క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు నవ్వేవాళ్లు. మగపిల్లలు నోట్సు రాసుకునేవాళ్లు.

మన జనాభా లెక్కలూ అంతే. ఇంటిపని చేసేవాళ్లు ‘పనిచేయనివారు’. విద్యార్థులు, పింఛనుదార్లు, బిచ్చగాళ్లు, ఖైదీలు, గృహిణులు అందరూ ఒకే గుంపు. 2010లో సుప్రీంకోర్టులో జస్టిస్ గంగూలీ ఒక ప్రమాదం కేసు తీర్పులో సరిగ్గా ఈ వర్గీకరణనే తప్పుపట్టారు. కోట్లమంది స్త్రీలను ఉత్పాదకత లేనివాళ్ల కింద జమకట్టడం వాళ్లపట్ల వివక్షేనన్నారు. ఆ కేసులో చనిపోయింది గృహిణే, పరిహారాన్ని 6 లక్షలకి పెంచారు.

మన ఏలూరు బాబు ‘ఎప్పుడు మొదలైంది’ అని అడిగాడు. పని ఇంట్లోంచి బయటికి పోయి మిల్లులో, ఆఫీసులో జీతంగా మారినప్పటి నుంచీ, జీతం ఉన్నవాడు పూర్తి మనిషి, మిగతావాళ్లు వాడి మీద ఆధారపడినవాళ్లు అనే ఆలోచన గట్టిపడింది. అంతకుముందు రైతింట్లో ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో చెప్పడం కష్టం. వడ్లు దంచకపోతే పండించినవాడికీ అన్నం లేదు.

పాలమూరు పద్మ

అందరూ గృహిణి గృహిణి అంటున్నరు. ఏలూరు అన్నా, మీ వదిన నిజంగా ఇంట్లోనే ఉండెనా? నేను మా ఊర్ల మహిళా సంఘం లెక్కలు రాస్తా. మా దగ్గర గట్ల ఇంట్లోనే ఉండే ఆడామె ఒక్కతి కూడా లేదు. పత్తి ఏరుతది, కలుపుకు పోతది, బర్రెను మేపుతది, పాలు పిండుతది. కానీ యాక్సిడెంట్ అయితే పోలీసాయన పంచనామా రాసేటప్పుడు ‘వృత్తి’ దగ్గర ఎవర్నీ అడగకుండనే ‘గృహిణి’ అని రాస్తడు. మగాయన పోతే మాత్రం అడుగుతడు, ఏం పని చేస్తుండె అని. పక్కనున్నోళ్లు ‘వ్యవసాయం’ అంటరు. ఆయనకు పొలం లేకున్నా వ్యవసాయమే. ఆమె పొద్దంతా చేన్లున్నా గృహిణే.

ఆ ఒక్క పదం కేసు అయిపోయేదాక వదలదు. పంచనామాలో చూసి ఛార్జిషీట్ల రాస్తరు, ఛార్జిషీట్ చూసి కౌంటర్ల రాస్తరు.

పాల కేంద్రం చీటీలు ఉంటే చూడున్రి. ఉపాధి హామీ జాబ్ కార్డు, సంఘం పాస్‌బుక్కు కూడ. పాల ఖాతా చాలా ఇండ్లల్ల మగాయన పేరు మీదనే ఉంటది, అదొక తిప్పలు.

పల్నాటి ప్లీడరు

పద్మగారు చెప్పింది అక్షరాలా నిజం. పాతికేళ్లు ప్రాక్టీసున్న వకీళ్లు కూడా ఆ పంచనామా పదాన్ని ప్రశ్నించరు, పిటిషన్లో అదే దించేస్తారు. నా జూనియర్లకి నేను మొదట చెప్పేది, మృతురాలి చేతులు ఎలా ఉండేవో వాళ్లింట్లో అడగమని. అడిగితే అప్పుడు బయటికొస్తాయి మిరపకాయల కోతలు, టైలరింగు మిషన్లు.

ఇప్పుడు లెక్క చెబుతా, ఏలూరు వారు పెన్ను తీసుకోండి. అంకెలు ఉదాహరణకే.

మీ అన్నయ్య నెలకి 12 వేలు తెస్తాడనుకుందాం. పాత మూడో వంతు పద్ధతిలో వదినగారి ‘ఆదాయం’ 4 వేలు, ఏడాదికి 48 వేలు. అందులో ఆవిడ సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 32 వేలు. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకి 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చవేసే అంకె) 16. మొత్తం 5,12,000.

ఇప్పటి పద్ధతి. ఇంటిపనికి నెలకి 9 వేలు ఊహాదాయంగా కోర్టు ఒప్పుకుందనుకుందాం, ఏడాదికి 1,08,000. నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 1,51,200. మూడో వంతు తీస్తే 1,00,800. గుణకం 16తో 16,12,800. మనిషి ఒకరే, ప్రమాదం ఒకటే. తేడా పదకొండు లక్షలు.

ఈ 40 శాతం గృహిణికి కూడా ఇవ్వాలా అన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది. ఆదాయమే లేని మనిషికి ఆదాయం పెరగడమేంటని కంపెనీల వాదన. 2021 జనవరిలో ఢిల్లీ దంపతుల కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది, ఊహాదాయం మీద కూడా ఇవ్వాల్సిందే అని. ఆ బెంచిలో మన అప్పటి కృష్ణాజిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణగారు గృహిణుల గురించి విడిగా ఒక అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ప్రధాన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపు అని అందులో ఎత్తి చూపారు. 2019 సమయ వినియోగ సర్వే కూడా చెప్పారు. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97. ఆ కేసులో కుటుంబానికి వచ్చే మొత్తం 22 లక్షల నుంచి 33.20 లక్షలకి పెరిగింది.

2024లో ఇంకో తీర్పు వచ్చింది. గృహిణికి కట్టే ఆదాయం రోజుకూలీ కనీస వేతనం కంటే తగ్గడానికి వీల్లేదని.

నిడదవోలు నాగమణి

ప్లీడరు గారూ, ఆ మూడో వంతు కోత నాకు మింగుడు పడటం లేదు. సంపాదనలో మూడో వంతు తన మీదే ఖర్చు పెట్టుకుంటుందని ఎవరు చెప్పారండీ? మా అమ్మ తన కోసం ఏడాదికి రెండు చీరలు కొనుక్కుంటే గొప్ప. అవి కూడా సంక్రాంతికి, ఎవరైనా గుర్తు చేస్తే. మిగిలిన కూర గిన్నె ఊడ్చుకు తినేది. సిగరెట్లు, టీ బంకు, ఫ్రెండ్స్‌తో సినిమా ఉన్నవాణ్ణి చూసి వేసిన లెక్క అది. దాన్ని తెచ్చి ఆవిడ మీద పెట్టి బతికున్నప్పుడు తినని మూడో వంతుని చచ్చాక కోస్తున్నారు.

పల్నాటి ప్లీడరు

ఆ వాదన నేను ఒకసారి ట్రిబ్యునల్లో చేశాను నాగమణిగారూ. జడ్జిగారు (వారూ ఆడవారే) కళ్లద్దాలు తీసి నవ్వి, ‘నిజమే, కానీ ఫార్ములా ఫార్ములానే కదా’ అన్నారు. మూడో వంతు అలాగే పోయింది.

సూటి ప్రశ్న

సరే, ఒకటి ఒప్పుకోండి మరి. మగవాడి సంగతేంటి? మా నాన్న ఆర్టీసీలో చేసి సర్వీసులోనే పోయారు. అందరూ అడిగింది ఒకటే, ‘జీతమెంత, ఇంకా ఎన్నేళ్ల సర్వీసుంది’. ఆయన మాకు లెక్కలు చెప్పేవాడు. అమ్మకి జ్వరమొస్తే రసం పెట్టేవాడు. చెల్లికి రెండు జడలు వేసేవాడు, వంకరగా. ఆ జడలు ఏ కాగితంలోనూ లేవు. ఆడదాన్ని సున్నా చేశారంటున్నారు, మగాణ్ణి పే స్లిప్పు చేశారు. ఇద్దరిలో మనిషి ఎక్కడున్నాడు?

రిటైర్డు మాస్టారు

బాబూ, ఈ టాపిక్‌లో ఇంతవరకు వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన పోస్టు ఇది. సాంగత్యం కోల్పోయినందుకు ఇచ్చే పరిహారం చరిత్ర ఒకసారి చూడు. పాత ఇంగ్లీషు చట్టంలో అది మొగుడికి మాత్రమే ఉన్న హక్కు. భార్యకి దెబ్బ తగిలితే, ఆవిడ సేవలు తనకి అందలేదని భర్త దావా వేయొచ్చు. పనివాడికి దెబ్బ తగిలితే యజమాని దావా వేసినట్టే. భర్తకి దెబ్బ తగిలితే భార్య వేయడానికి లేదు, ఆయన ఆవిడ సొత్తు కాదుగా! 1952లో కూడా ఇంగ్లండులో ప్రభువుల సభ (అప్పట్లో వాళ్ల పై కోర్టు అదే) భార్యకి ఆ హక్కు లేదు పొమ్మంది. చివరికి 1982లో ఆ సమస్యకి వాళ్లు కనిపెట్టిన పరిష్కారం, భర్తకున్నది కూడా తీసేయడం.

మన దేశంలో దారి వేరు. 2018 తీర్పుతో భార్యాభర్తలిద్దరికే కాక తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకీ, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకీ సాంగత్య నష్టం ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. తలకి 40 వేలు, మూడేళ్లకోసారి పది శాతం పెంపు. అంటే నీ చెల్లి జడలకి ఇప్పుడు చట్టంలో ఒక చోటుంది. చిన్న చోటే.

బే ఏరియా బాబాయ్

ఇక్కడి సంగతి రెండు ముక్కలు. 2001 సెప్టెంబరు 11 దాడుల బాధితులకి అమెరికా ప్రభుత్వం నిధి పెట్టింది, కెన్నెత్ ఫైన్‌బర్గ్ అనే లాయరు నడిపాడు. చనిపోయినవాళ్ల కుటుంబాలకి రెండున్నర లక్షల డాలర్ల నుంచి 70 లక్షల డాలర్ల పైదాకా వచ్చింది. తేడా అంతా ప్రధానంగా జీతాన్ని బట్టే. ఒకే టవర్లో పోయిన బ్రోకరూ, పాత్రలు కడిగే మనిషీ ఒకటి కాదన్నమాట. కానీ ఒక పని బాగా చేశాడు. ఆడవాళ్లు తక్కువ ఏళ్లు ఉద్యోగం చేస్తారని చెప్పే పట్టికల్ని పక్కనపెట్టి, అందరికీ మగవాళ్ల పట్టికే వాడాడు.

మామూలు కేసుల్లో ఆ పట్టికలు ఇంకా వాడేవాళ్లున్నారు. ఒక ఆడపిల్లకి ప్రమాదం జరిగితే, ‘ఆడవాళ్ల సగటు సంపాదన తక్కువ కాబట్టి ఈ పిల్ల భవిష్యత్తు సంపాదనా తక్కువే’ అని నిపుణుడొచ్చి సాక్ష్యం చెబుతాడు. పిల్లకి నాలుగేళ్లు. ఇంకా ఏబీసీడీలు రాలేదు, జీతంలో కోత మాత్రం వచ్చేసింది. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి అది చెల్లదు. లింగం, జాతి చూపించి భవిష్యత్ సంపాదన నష్టాన్ని తగ్గించకూడదని చట్టం చేశారు.

కిక్కురాడ్

ఇదంతా పోయాక గొడవ కదా బాస్. ముందు పోకుండా చూడండి. వెనక కూర్చునే ఆడవాళ్లకి హెల్మెట్ ఎవరు కొంటున్నారు? ఇంటికి ఒకటే హెల్మెట్, అది నడిపేవాడి నెత్తి మీద. చీరలో పక్కకి కూర్చుంటే పట్టుకోడానికేం ఉండదు. చున్నీ చక్రంలో చుట్టుకునే కేసులు చూశా మా షెడ్డులో. రూల్ ప్రకారం వెనక చక్రం సగం కప్పి ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా. మనోళ్లు స్టైల్ అని శారీ గార్డు పీకించేస్తారు. పీకించేది నేనే, నాకు తెలుసు.

మోడరేటర్

కిక్కురాడ్ గారూ, ఇది మంచి విషయం, వాహనాల విభాగంలో వేరే టాపిక్‌గా పెట్టండి. ఇక్కడ దారి తప్పుతుంది. (పీకడం ఆపేయండి.)

చుక్కల ముగ్గు

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇవాళ రాస్తున్నాను. నేను ట్రాన్స్ మహిళని, హైదరాబాద్. మీరంతా ఆడవాళ్ల విలువ ఎంత అని మాట్లాడుకుంటున్నారు. నాకొచ్చిన సందేహం దానికంటే ముందుది. నేను రేపు రోడ్డు మీద పోతే పిటిషన్ వేసేదెవరు? పదహారేళ్లప్పుడు నన్ను గెంటేసిన ఇంటివాళ్లు చట్టం దృష్టిలో నా కుటుంబం. జ్వరమొస్తే పక్కన కూర్చునే మా గురువమ్మ ఎవరూ కాదు. మా దాంట్లో ఒకామె పోయినప్పుడు ఇదే చూశాను. బాడీ తీసుకోడానికి కూడా మాకు సంతకం పెట్టే హక్కు లేదన్నారు. ఏళ్ల తరబడి ఫోన్ ఎత్తని అన్న వచ్చి తీసుకెళ్లాడు, ప్యాంటు చొక్కా వేసి.

2014లో సుప్రీంకోర్టు మమ్మల్ని మూడో జెండర్‌గా గుర్తించింది, ఆత్మగౌరవం గురించి గొప్పగా రాసింది. అయినా నిజాం కాలం నాటి చట్టం ఒకటి తెలంగాణలో 2023 జులై దాకా పుస్తకాల్లో ఉంది. మా పేర్లు పోలీసు రిజిస్టర్లో రాయమనేది. ఆడ బట్టలు కట్టి బయట కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయమనేది. హైకోర్టు కొట్టేసింది. అంటే నేను పుట్టి పెరిగిన ఊళ్లో చట్టం నన్ను మొన్నమొన్నటి దాకా అనుమానితురాలిగానే చూసింది. పరిహారం లెక్కలో నా గుణకం ఎంతో అడిగే స్టేజికి ఇంకా రాలేదండీ మేము.

పల్నాటి ప్లీడరు

అమ్మా, మీరు రాసినందుకు సంతోషం. ఒక్క ఆశ ఉన్న విషయం చెబుతాను. మోటారు ప్రమాదాల చట్టంలో పిటిషన్ వేయడానికి వారసులే కానక్కర్లేదు, ‘చట్టబద్ధ ప్రతినిధి’ అయితే చాలు. ఆ మాటని సుప్రీంకోర్టు విశాలంగానే చూస్తోంది. 2021లో ఒక కేసులో అల్లుడు చనిపోతే, అతనింట్లోనే ఉంటున్న అత్తగారు కూడా పరిహారం అడగొచ్చంది. వారసత్వ చట్టం ప్రకారం ఆవిడ అతని వారసురాలు కాదు. అతని మీద ఆధారపడి బతుకుతోంది, అదే చాలన్నారు. అల్లుడింట్లో అత్తగారుండటం మన సమాజంలో వింతేమీ కాదని కూడా రాశారు. పాత ఇన్సూరెన్స్ వకీలైతే దీనికి ‘ఆవిడకి కొడుకు లేడా’ అని అడిగేవాడు.

ఆ తీర్పు మీద నిలబడి మీ గురువమ్మగారి కోసం వాదించడానికి చోటుంది. కలిసి ఉన్నట్టు కాగితాలు పెంచుకోండి. అద్దె అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ, బ్యాంకులో నామినీ, ఆసుపత్రి ఫారంలో సంతకం. మీ ఇన్సూరెన్స్ పాలసీ, పీఎఫ్ ఏవైనా ఉంటే వాటిలో నామినేషన్ ఇవాళే మార్చండి.

పాలమూరు పద్మ

చుక్కల ముగ్గు అక్కా, మీరు మళ్లా రాయున్రి. చదువుతుంటం.

ఏలూరు కాలువ

ఈ వారం కోర్టులో అన్నయ్యని క్రాస్ ఎగ్జామిన్ చేశారు. రాద్దామా వద్దా అనుకున్నా, రాస్తున్నా.

కంపెనీ తరఫు వకీలు అడిగాడు: ‘మీ భార్య చనిపోయాక ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్నారా?’ అన్నయ్య లేదన్నాడు. ‘వంటమనిషిని?’ లేదు. ‘పిల్లల్ని డే కేర్‌లో వేశారా?’ లేదు. ‘అంటే అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కూడా కాలేదు, అంతేనా?’ అన్నయ్య అంతే అన్నాడు. ఇంకేమంటాడు, నిజమే కదా. రాసేసుకున్నారు.

మరి వంట ఎవరు చేస్తున్నారన్నది ఆయన అడగలేదు. మా వకీలు కూడా అడగలేదు. చేసేది మా అన్నయ్య కూతురు. ఎనిమిదో తరగతి. పొద్దున్నే లేచి అన్నం, కూర చేసి, తమ్ముడికి బాక్సు కట్టి, నాయనమ్మకి మందులిచ్చి స్కూలుకి వెళ్తుంది. పోయిన టెర్ము లెక్కల్లో మార్కులు పడిపోయాయి. బంధువులొస్తే ‘అచ్చం అమ్మలాగే’ అని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకున్నాను.

నిడదవోలు నాగమణి

అయ్యో. నాకు చేతులు ఆడటం లేదు ఇది చదివాక.

అదీ సంగతి. అమ్మ పోతే ఖర్చు పెరగలేదు, ఎందుకంటే ఖాళీ అయిన చోట ఇంకో ఆడపిల్లని నిలబెట్టారు. ఆ పిల్ల గంటలు కూడా సున్నాయే కాబట్టి మొత్తం లెక్క సున్నా! కొడుకుని ఎవరూ పొయ్యి దగ్గరికి పొమ్మనలేదు చూశారా. వాడి వయసెంతండీ?

ఏలూరు కాలువ

పదకొండు. అన్నం వార్చడం నేర్పాను మొన్న ఆదివారం. నేనూ నేర్చుకున్నాననుకోండి.

సూటి ప్రశ్న

ముందు రాసినదానికి కొనసాగింపు. రేట్లు కట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ వకీలు అడిగిన ప్రశ్నకి మాత్రం రేటుతోనే జవాబు చెప్పాలి. ఆ పిల్ల పొద్దున చేసే పని బయటివాళ్లతో చేయిస్తే ఎంతవుతుందో ఊళ్లో కనుక్కుని కోర్టులో పెట్టండి.

పల్నాటి ప్లీడరు

ఏలూరు వారూ, కంగారుపడకండి. ఖర్చు పెట్టలేదు కాబట్టి నష్టం లేదన్న వాదన నిలవదు. డబ్బు లేక మనిషిని పెట్టుకోలేకపోతే, పని అవసరం లేదని కాదు కదా. మీ వకీలుతో మాట్లాడి రెండు పనులు చేయించండి. ఒకటి, అన్నయ్యని మళ్లీ బోనెక్కించి ఆ ఒక్క విషయం అడగడానికి పర్మిషన్ పిటిషన్ వేయమనండి. పాప స్కూలు హాజరు, మార్కుల కాగితాలు దానికి జతచేయొచ్చు. పాపని మాత్రం సాక్షిగా కోర్టుకి తీసుకెళ్లొద్దు. రెండు, పద్మగారు అడిగిన సంఘం కాగితాలు ఏమయ్యాయి?

ఏలూరు కాలువ

బీరువాలో దొరికాయండీ. సంఘం పుస్తకం ఉంది, పొదుపు నెలనెలా కట్టింది. పాల చీటీలు మాత్రం పద్మక్క చెప్పినట్టే అన్నయ్య పేరు మీదున్నాయి. ఇంకొకటి బయటపడింది. గేదె కోసం సంఘం ద్వారా బ్యాంకులో ఆవిడ పేరు మీద లోను ఉంది. సగం పైన తీర్చేసింది, అన్నయ్యకి కూడా సరిగ్గా తెలీదు. ఇది అప్పు కదా, కోర్టులో పెడితే మనకే ఎదురు తిరుగుతుందేమోనని పక్కన పెట్టాం.

పాలమూరు పద్మ

అన్నా, అది పక్కన పెట్టేది కాదు! కిస్తీలు ఆమె కట్టిందంటే పైసలు యాడికెళ్లి వచ్చినయి? సంఘంల ఆ నెల తీర్మానం రాసి ఉంటది, బర్రె ఎవరు మేపుతరు, పాలు ఎక్కడ పోస్తరు అన్నీ. మీ వీఓఏను (గ్రామ సంఘం లెక్కలు రాసేటామెను) అడిగి ఆ పేజీ తీసుకోన్రి.

పల్నాటి ప్లీడరు

పద్మగారు నాకంటే మంచి వకీలు. బాబూ, ఆవిడకి సంపాదన ఉందని నమ్మబట్టే బ్యాంకు అప్పిచ్చింది, ఆవిడ తీర్చి చూపించింది. ఇప్పుడు కంపెనీ వచ్చి లేదంటే కుదరదు. లోను స్టేట్‌మెంటు మొదటి కిస్తీ నుంచి చివరి కిస్తీ దాకా తీయించండి, ప్రతి పేజీ మీద బ్యాంకు సీలు పడాలి. మేనేజరు ఇవ్వనంటే కోర్టు ద్వారా సమన్లు పంపిద్దాం. వాయిదా ఎప్పుడుందో చెప్పండి.